కోట మెట్ల కింది బెంచీ

మా భిలాయి తెలుగు సంఘం వాళ్ళు వార్షికోత్సవానికి ఒక సంచిక వేస్తుంటారు. ప్రకటనలు పోగా మిగిలిన పేజీల్లో పిల్లల బొమ్మలు, ఒకటో రెండో కథలు, ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళొస్తే ఆ కబుర్లు ఉంటాయి. కొన్నేళ్ళ కిందట అందులో నేను జర్మనీలోని ఒక చిన్న ఊరి గురించి నాలుగు పేజీలు రాశాను. ఆ ఊరి చరిత్ర ఏమిటి, చూడదగ్గ చోట్లు ఏమిటి, సెలవురోజు సరదాగా గడపడానికి ఏమేం ఉన్నాయి, అన్నీ రాశాను. ఈ ఏడాది పాత సంచికల్లోంచి మంచివి ఏరి మళ్ళీ వేస్తున్నామనీ, నా వ్యాసం అందరికంటే ముందు పెట్టామనీ కార్యదర్శి ఫోన్ చేశారు. వద్దన్నాను.

"అదేంటి సార్, అప్పట్లో అందరికీ నచ్చింది కదా" అన్నారాయన.

నచ్చింది కాబట్టే వద్దంటున్నానని చెప్పడానికి నోరు రాలేదు. దాని బదులు ఇంకోటి రాసిస్తానన్నాను. రాసింది ఇదే.

మా స్టీలు ప్లాంటులోని మిల్లుకి కొత్త గేర్‌బాక్సులు కొన్నప్పుడు, అవి తయారయ్యే చోటికి వెళ్ళి తనిఖీ చేసి రమ్మని నన్ను పంపారు. ఆ కార్ఖానా ఉన్న ఊరు చాలా చిన్నది. మా కాలనీ సెక్టర్లు రెండు పక్కపక్కన పెడితే అందులో ఊరంతా పట్టేస్తుంది. నాతో రావలసిన ఇంకో ఆఫీసరుకి వీసా ఆలస్యమై చివరికి రానేలేదు. చలికాలం మొత్తం నేనొక్కణ్ణే అక్కడ ఉన్నాను.

ఆ ఊళ్ళో నేను చూసినవి మూడు: కార్ఖానా, నా గది, ఆ రెంటికీ మధ్య తిరిగే బస్సు. శని ఆదివారాల్లో గదిలోనే ఉండేవాణ్ణి. అన్నం వండుకునేవాణ్ణి, పప్పు వండుకునేవాణ్ణి, మా ఆవిడకి వీడియో కాల్ చేసి కిటికీలోంచి కొండ మీది కోట చూపించేవాణ్ణి. "వెళ్ళి చూడొచ్చు కదండీ" అనేది. "వచ్చే వారం" అనేవాణ్ణి. అన్ని వారాలూ వచ్చే వారాలే అయ్యాయి.

భయం అంటే నవ్వుతారు. మిల్లులో క్రేన్ నెత్తిమీద ఎర్రగా కాలిన ఇనుము మోసుకుపోతుంటే కింద నిలబడి పని చేయించేవాణ్ణి. అలాంటివాణ్ణి, అక్కడ టిక్కెట్ల మిషను ముందు నిలబడినప్పుడు వెనక ఎవరైనా వచ్చి నిలబడితే చాలు, చెమటలు పట్టి పక్కకి తప్పుకునేవాణ్ణి. ఆ ఊళ్ళో వేడినీళ్ళ ఈతకొలను ఒకటుంది. ఒకసారి తువ్వాలు సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. లోపల ఎక్కడ బట్టలు మార్చుకోవాలో, ఏది వేసుకుంటే తప్పో, ఎవరినడగాలో తెలియలేదు. క్లోరిన్ వాసన పీల్చుకుని వెనక్కి వచ్చేశాను. ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తిరిగొచ్చాక కాలనీలో చూడాలి. సెక్టర్ 4లో మా వీధిలో జర్మనీ చూసొచ్చినవాణ్ణి అప్పటికి నేనొక్కణ్ణే. సాయంత్రం గేటు దగ్గర నిలబడితే ఒకరు కాకపోతే ఒకరు ఆగి అడిగేవారు. ఏం చూశారు సార్, కోటలుంటాయట కదా, భయ్యా ఫొటోలేవి. ఏమీ చూడలేదని మొదటి రోజు చెప్పలేకపోయాను. రెండో రోజు అసలు చెప్పలేము. గదిలో అతిథుల కోసం పెట్టిన రంగురంగుల కరపత్రాలు నాలుగైదు పెట్టెలో వచ్చాయి. వాటిని ముందు పెట్టుకుని, ఫోన్లో తర్జుమా చేసుకుంటూ సంచికకి వ్యాసం రాశాను.

కోట మీద నిలబడి చూస్తే నది వెండితీగలా కనిపిస్తుందని రాశాను. చెరువులో పడవ నడిపానని రాశాను. నేనున్న రోజుల్లో ఆ చెరువు గడ్డకట్టి ఉంది, పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. అది బస్సులోంచి వీధి దీపాల వెలుగులో రోజూ చూసేవాణ్ణి. అయినా పడవ నడిపాననే రాశాను. అడవిలో తిరిగే బుల్లి రైలు ఎక్కానన్నాను. చరిత్ర మాత్రం చాలావరకు నిజమే. కొండలో ఇనపరాయి దొరికేదనీ, ఏటి నీళ్ళతో పెద్ద సుత్తులు నడిపి ఇనుము కొట్టేవాళ్ళనీ, ఆ సుత్తుల పాకలే తర్వాత కార్ఖానాలు అయ్యాయనీ కరపత్రంలో ఉంది. మన ఊరికి అదేదో చుట్టంలా అనిపించి ఆ ముక్క మనసుపెట్టి రాశాను.

రెండు వాక్యాల గురించి మాత్రం విడిగా చెప్పాలి.

కోట లోపల చిన్న ప్రార్థనా మందిరం ఉందనీ, అందులో పాతకాలపు గంట ఉందనీ కరపత్రంలో ఒక బొమ్మ ఉంది. గంట ఉంటే తాడు ఉంటుంది, తాడు ఉంటే లాగనిస్తారు అనుకుని, వచ్చినవాళ్ళు ఎవరైనా ఆ తాడు లాగి గంట మోగించవచ్చని రాశాను. అది మొదటిది. రెండోది, కోట గుమ్మం దాకా బస్సు వెళ్తుందని.

రెండోది కావాలని అల్లింది కాదు. కరపత్రంలో కోట పేరు పక్కన బస్సు గుర్తు ఉంది. నేను రోజూ బస్సెక్కే స్టాపుకి కూడా కోట పేరే. మన ఊళ్ళో ఎలా ఉంటుందో మీకు తెలుసు. చదునైన నేల మీద గీతలు గీసి కట్టిన ఊరిది. స్కూలుకి గేటు దాకా రోడ్డు, ఆసుపత్రికి గేటు దాకా రోడ్డు, జంతువుల పార్కుకి గేటు దాకా రోడ్డు. ఏ స్టాపుకి ఏ పేరుంటే బస్సు దిగగానే ఎదురుగా అదే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో బతికినవాడికి, బస్సు ఒక చోట ఆగిపోయి ఆ తర్వాత కొండంతా మెట్లే ఉంటాయన్న ఊహ రాలేదు. తెల్లవారకముందు చీకట్లో ఆ స్టాపులో ఎక్కేవాణ్ణి, చీకటి పడ్డాక దిగేవాణ్ణి. మెట్లు రొట్టెల దుకాణం వెనక మొదలవుతాయట. నేను ఎప్పుడూ దుకాణం వెనక్కి వెళ్ళలేదు.

మా పక్క క్వార్టర్లో విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. ఆయన మా మిల్లులోనే ఫోర్‌మన్. మిల్లులో నన్ను సార్ అంటారు, గేటు దాటి ఇంటికొస్తే తమ్ముడూ అంటారు. నేను రెండు చోట్లా అన్నా అనే అంటాను. ఆవిడ నాకు వదిన. స్కూల్లో కుట్టుపని నేర్పేది, మోకాళ్ళు సహకరించక మానేసింది. ఆదివారం చర్చిలో, వాళ్ళ మాటలో గుడిలో, పాటలు ఎత్తుకునేది ఆవిడే. నేను రాసిన వ్యాసం ప్రార్థన కూటంలో ఆడవాళ్ళందరికీ చదివి వినిపించిందట. మా అబ్బాయికి తెలుగు చదవడం అంతంతమాత్రం కాబట్టి, వాడికి కూడా నా వ్యాసం వదిన గొంతులోనే తెలుసు.

గంట దగ్గర ఆవిడ ఆగిపోయేదట. వాళ్ళ ఊళ్ళో గుడి గంట కొట్టే పని వాళ్ళ నాన్నది. ఆయనకి ఒంట్లో బాగాలేనప్పుడు తమ్ముళ్ళు కొట్టేవారు. ఆడపిల్ల కాబట్టి ఆవిడని తాడు ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఓ పాలి ముట్టుకుందామని సెయ్యి సాపితే మా నాన్న ఏటన్నాడో ఎరుకా? నువ్వు లాగితే ఊళ్ళో జనం పెళ్ళనుకుని వచ్చేస్తారమ్మా అన్నాడు. నవ్వేసేడు గానీ ఇవ్వనేదు" అని మా ఇంట్లో కూర్చుని ఒకసారి చెప్పింది. ఇక్కడి గుడిలో గంట ఎలాగూ లేదు, స్పీకర్లో మోగుతుంది.

ఆవిడ చెల్లెలు నర్సు. జర్మనీలోనే, ఆ ఊరికి కారులో గంటన్నర దూరంలో ఉన్న నగరంలో పెద్దాసుపత్రిలో పనిచేస్తుంది. కిందటేడు ఎండాకాలం అక్కనీ బావనీ రమ్మంది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వదిన మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మరిదీ, ఓ మాట. బస్సు గుమ్మం దాకా ఎల్తాది గదా? నా కాళ్ళ సంగతి నీకెరికే. చెల్లెలు ఏటేటో సూపిస్తానంటంది, నాకవేటీ వద్దు, ఆ కోటకి తీసుకెల్తే సాలు అన్నాను."

వ్యాసం రాసినప్పటి తప్పు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నాకు తెలియదు వదినా, ఒకసారి మీ చెల్లెల్ని కనుక్కోమనండి అంటే సరిపోయేది. మా ఆవిడ వంటింట్లోంచి వింటోంది.

"వెళ్తుంది వదినా" అన్నాను.

వాళ్ళు తిరిగొచ్చాక చాక్లెట్లు తెచ్చి ఇచ్చారు. ఎలా ఉందని మా ఆవిడ అడిగింది. నేను కాఫీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను.

"సూసేం అమ్మా, బాగుంది. మా ఆయన ఎల్లి గంట కొట్టేడు. నేను కింద కూకుని విన్నాను" అంది వదిన.

కింద అన్న మాట నా చెవిలో పడింది. మా ఆవిడకీ పడింది. ఆ మర్నాడు మిల్లు క్యాంటీన్లో అన్న టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నారు.

"సార్, బస్సు లేదు. కారు కూడా ఎల్లదు. అన్నీ మెట్లే. ఆవిడ్ని కింద బెంచీ మీద కూకోబెట్టి నేనొక్కణ్ణే ఎక్కేను. గంట అద్దాల గదిలో నేల మీద పెట్టున్నాది, బీటలు తీసి. తాడూ లేదు, ఏటీ లేదు. ఏటి సెయ్యాలో తోచలేదు. అంతలో ఊళ్ళో పెద్ద గుడి గంట పన్నెండు కొట్టింది. దిగి వచ్చి నేనే కొట్టేననీసేను. మీరు కూడా అదే అనండి."

"అన్నా, నేను..."

"ఛోడియే సార్, వదిలీయండి. పాత సంగతులు మారిపోతుంటాయి. మీరెల్లినప్పుడు తాడుండేదేమో."

నాకు సాకు కూడా ఆయనే ఇచ్చారు. తీసుకున్నాను. ఆ తర్వాత వదిన ఎదురైనప్పుడల్లా మాటలు తొందరగా ముగించేవాణ్ణి.

కార్యదర్శి ఫోన్ వచ్చిన వారానికి వాళ్ళింటికి వెళ్ళాను. వ్యాసం మళ్ళీ అచ్చయితే మళ్ళీ ఆవిడే అందరికీ చదివి వినిపిస్తుంది. అది తలుచుకుంటే ఇంక కూర్చోబుద్ధి కాలేదు. అన్నకి ఆ రోజు రెండో షిఫ్టు. వదిన వరండాలో పళ్ళెం ముందు పెట్టుకుని పచ్చి బఠాణీలు ఒలుస్తోంది. నాకు కూడా ఒక గుప్పెడు కాయలు ఇచ్చింది. ఒలుస్తూనే చెప్పాను. కోట ఎక్కలేదని, పడవ లేదని, బుల్లి రైలు లేదని, బస్సు సంగతి తెలియకుండానే రాశానని, ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగిన రోజున కూడా తెలియకుండానే చెప్పానని. గంటకి తాడు నేనే తగిలించానని. అన్న చెప్పిన అబద్ధం ఊసు మాత్రం ఎత్తలేదు.

వదిన వింటూనే ఒలుస్తోంది.

"అయితే మీ అన్న కొట్టిన గంటేటి మరి?"

నేను ఇంకో కాయ తీసుకున్నాను.

"బయపడకు. నాకెరికే. మెట్లు దిగి వచ్చేడు, నేనేటీ అడగనేదు. అడక్కుండానే 'కొట్టేను, ఇనబడిందా' అన్నాడు. ఆ మనిషి నోట అడక్కుండా మాటొచ్చిందంటే నన్ను ఊరుకోబెట్టడానికే వస్తాది. పెళ్ళయిన కాణ్ణుంచీ సూస్తన్నాను. విన్నానని నేనూ అనీసేను. పాపం, ఎండలో అన్ని మెట్లెక్కి దిగేడు."

పళ్ళెంలో కాయలు తగ్గుతున్నాయి.

"నాకు సెప్పేవు, బాగుంది. మరి దానికెవలు సెప్తారు?"

"ఎవరికి వదినా?"

"మా చెల్లెలికి. నన్ను బెంచీ మీద కూకోబెట్టినప్పుడు అది ఏడ్సింది. ముందు కనుక్కోకుండా తీసుకొచ్చేసేను, అక్కని మెట్ల కింద పడేసేను అని. ఇప్పటికీ ఫోన్ సేస్తే అదే మాట. బస్సుందని నాకు సెప్పింది నువ్వేనని దానికి తెలీదు. తన తప్పే అనుకుంటంది."

ఫోన్ ఆవిడే కలిపి నా చేతికిచ్చింది. తెర మీద తెల్లని గోడ, నీలం దుస్తుల్లో ఆ అమ్మాయి. డ్యూటీ మధ్యలో విరామం. నేనెవరో చెప్పాను. సంగతి చెప్పాను. ఈసారి తొందరగా వచ్చింది, ఒకసారి చెప్పుకున్నది కాబట్టి.

ఆ అమ్మాయి పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నయ్యా, మరి ఆ రైలు?" అంది.

"ఎక్కలేదమ్మా."

"అక్క ఆ రైలు కూడా అడిగింది. ఆదివారాలే నడుస్తుందని చెప్పి మాన్పించాను." నవ్విందో నిట్టూర్చిందో తెలియలేదు. "ఒక సంగతి చెప్పనా, అక్క పక్కన ఉందా? ఉంటే ఉండనీ. మా ఆసుపత్రిలో కింది అంతస్తులోనే చిన్న చాపెల్, అదే ప్రార్థన గది, ఉంది. సాయంత్రం ప్రార్థనకి గంట కొడతారు, చేత్తో, తాడు లాగి. ఆ వేళకి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళే, పేషెంట్లు కూడా లాగుతారు. రెండో రోజు అక్కని అక్కడికి తీసుకెళ్దామనుకున్నాను. చెప్పకుండా తీసుకెళ్ళి తాడు చేతికిద్దామని. రెండు రోజులే సెలవు దొరికింది, ఆ తర్వాత అన్నీ సాయంత్రం డ్యూటీలే. కోటకి పోయి రావడంతో అక్క కాళ్ళు వాచిపోయాయి, మర్నాడు మంచం దిగలేదు."

వదిన చేతిలో కాయ చిట్లలేదు. అలాగే పట్టుకుని ఉంది.

"సారీ అమ్మా" అన్నాను.

"నాకు మాత్రం మీరు చెప్పడం మంచిదైంది అన్నయ్యా. ఇన్నాళ్ళూ బావని చూస్తే కూడా సిగ్గుగా ఉండేది" అంది ఆ అమ్మాయి. విరామం అయిపోయిందని పెట్టేసింది.

వదిన ఫోన్ తీసుకుని కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. కోపం వచ్చి ఉంటే బాగుండుననిపించింది. ఆవిడ మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

"నువ్వు నిజంగా ఏటీ సూడలేదేటి ఆ ఊళ్ళో? మూడు నెల్లున్నావు గదా."

"బస్సు స్టాపు చూశాను వదినా."

"మెట్ల కాడిదేనా? ఆకుపచ్చ బెంచీ?"

"ఒక చెక్క కొత్తది, మిగతావి పాతవి."

"అదే, అదే" అంది వదిన, కాస్త ముందుకి జరిగి. "ఎదురుగా రొట్టెల కొట్టు."

"పొద్దున్నే వాసన వచ్చేది. ఆ వాసనకి చలి తెలిసేది కాదు."

"మజ్జిలో నీళ్ళ తొట్టె, అందులో రాతి మనిషి."

"నేనున్నప్పుడు దాని చుట్టూ చెక్కలు కొట్టేశారు. లోపల మనిషి బొమ్మ ఉందని ఇప్పుడు మీరు చెప్తే తెలిసింది."

"కుక్కనేసుకుని ముసలాయన రాడూ?"

వచ్చేవాడు. రోజూ ఆ చీకట్లో వచ్చి బెంచీకి అటు చివర కూర్చునేవాడు. నాతో ఏదో ఒకటి అనేవాడు. అర్థంకాక తల ఊపేవాణ్ణి. మూడు నెలలూ ఊపాను. అదే చెప్పాను.

"నాతోటీ మాటాడేడు" అంది వదిన. "ఆయన భాషలో ఆయన, నా భాషలో నేను. సెయ్యి సూపించేడు, ఓ వేలు సగమే ఉన్నాది. సుత్తి కొడతన్నట్టు సెయ్యి ఆడించేడు. ఓహో, కార్ఖానాలో పోయిందన్నమాట అనుకున్నాను. మా ఆయనా ఇనపపనే అని నేనూ అలాగే సెయ్యి ఆడించేను. నవ్వేడు. కొండ మీదకి సూపించి ఎల్లవా అన్నట్టు అడిగేడు. నా మోకాళ్ళు తట్టి సూపించేను. ఆయన కూడా తన మోకాళ్ళు తట్టుకున్నాడు. ఎన్నేళ్ళయిందో పాపం ఆయన పైకెల్లి. మీ అన్న దిగొచ్చేదాకా ఇద్దరం అలాగే కూకున్నాం. సంచిలోంచి ఆపిల్ తీసి కోసి సగం ఇచ్చేడు. పన్నెండు గంట కొట్టినప్పుడు వేలెత్తి విను విను అన్నట్టు సూపించేడు. బాగుంది మరిదీ ఆ గంట. ఎవలు కొడితేనేటి."

ఇనపరాయి చరిత్ర, నీటి సుత్తుల చరిత్ర నేను కరపత్రంలోంచి దించాను. ఆ సుత్తుల దగ్గర వేలు పోగొట్టుకున్న మనిషి రోజూ నా పక్కన కూర్చుని చెప్పబోయాడు.

"సంచికలో ఏటి రాస్తావు మరి?" అంది వదిన.

"జరిగింది రాస్తాను. కానీ అన్న సంగతి కూడా వస్తుంది."

"రాయి. ఇంట్లో నేనే సదివి వినిపిస్తాను. మొగం ఎలా పెడతాడో సూడాల." ఖాళీ తొక్కలు ఒక పక్కకి తోసింది. "నాకు కోపం లేదని మాత్రం రాయకు. ఆ ఆసుపత్రి సంగతి విన్నాక ఉన్నాది. తగ్గుతాది, ఇవ్వాళ కాదు."

ఒలిచిన గింజల్లో సగం గిన్నెలో పోసి మా ఆవిడకిమ్మని ఇచ్చింది. ఇవ్వకపోతే ఆ కోపం ఎంతటిదో నాకు తెలిసేది. ఇచ్చింది కాబట్టి తెలియదు.

మర్నాడు క్యాంటీన్లో అన్నతో చెప్పాను. టీ తాగడం ఆపి, "అంటే ఆ రోజు నుంచీ తెలుసన్నమాట" అన్నారు. కొంచెం ఆలోచించి, "మరి వారం కిందట కూడా ఎవరికో నేను గంట కొట్టిన సంగతి సెప్తుంటే పక్కనే కూకుని ఊఁ కొట్టిందే" అన్నారు.

మళ్ళీ రమ్మని చెల్లెలు అంటోందట. వీసా, వదిన మోకాళ్ళు, అన్న సెలవు, మూడూ కుదరాలి. కుదురుతాయో లేదో నాకు తెలియదు.

మన వాళ్ళ పిల్లలు ఇప్పుడు చాలామంది అటు వెళ్తున్నారు. నా పాత వ్యాసం ఎవరింట్లోనైనా ఉంటే, దాన్ని చూసి ఎవరూ బయలుదేరవద్దు. ఆ కోటకి బస్సు లేదు, కారు పోదు. మెట్లు రొట్టెల దుకాణం వెనక మొదలవుతాయి. గంట అద్దాల గదిలో ఉంది, మోగదు. చలికాలంలో చెరువు గడ్డకడుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆకుపచ్చ బెంచీ ఉంది, ఒక చెక్క కొత్తది. అక్కడ కూర్చుంటే రొట్టెల వాసన వస్తుంది. కుక్కతో ఒక పెద్దాయన వస్తే తల ఊపి ఊరుకోకండి. ఆ నగరంలో ఆసుపత్రి కింది అంతస్తులో, సాయంత్రం ప్రార్థన వేళకి, ఎవరు అడిగినా గంట తాడు చేతికిస్తారట. ఇది నేను చూసింది కాదు, విన్నది. వెళ్ళే ముందు కనుక్కోండి.